ఆరాధనలో సంఘం ఏం పలుకుతోంది?

చెన్నైలోని తెలుగు సంఘాల కాపరులకు, పెద్దలకు, ఆరాధన నడిపించే యువతకు ఏర్పాటైన ఒక రోజు సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు విని రాసిపెట్టాం.

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో మీ అందరికీ వందనాలు.

పూర్వకాలపు ఆరాధన క్రమాలను నేటి సువార్తిక సంఘాల ఆరాధనలోకి ఎలా తీసుకురావాలి అన్నది నాకు అప్పగించిన అంశం. ఈ మాట వినగానే మీలో కొందరికి అనుమానం, కొందరికి ఉత్సాహం కలిగి ఉంటాయి. అనుమానపడేవారి మనసులో ఏముందో నాకు తెలుసు. మన తండ్రులు ఏ పుస్తకపు ప్రార్థనలను విడిచి బయటికి వచ్చారో, ఆ పుస్తకాన్నే ఈయన మళ్లీ మన చేతిలో పెట్టబోతున్నాడని మీరు అనుకుంటున్నారు. నిజం చెప్పాలంటే, నాకు ఎక్కువ భయం ఉత్సాహపడేవారిని చూస్తేనే. ఎక్కడో ఒక పెద్ద సంఘంలో దీపాలు తగ్గించి, కొవ్వొత్తులు వెలిగించి, యువ కాపరి ఒకరు మెల్లగా ప్రార్థన చదువుతుండగా యూట్యూబులో చూసి, వచ్చే ఆదివారమే మన హాల్లో కూడా అలా చేసేద్దామని మన తమ్ముళ్లు కొందరు సిద్ధంగా ఉన్నారు. కొవ్వొత్తులు కొనడానికి వెళ్లేముందు కొంచెం ఆగండి తమ్ముళ్లూ.

కొవ్వొత్తుల గురించి, అంగీల గురించి ఇవాళ నేను మాట్లాడను. నేను అడగదలచుకున్న ప్రశ్న ఒక్కటే. ఆదివారం ఆరాధనలో సంఘం ఏం పలుకుతోంది? కాపరి ఏం పలుకుతున్నాడని నేను అడగడం లేదు. పాటల జట్టు ఏం పాడుతోందని కూడా అడగడం లేదు. తెల్లవారకముందే కార్పొరేషన్ వీధులు ఊడ్చి, ఇంటికి వెళ్లి స్నానం చేసి, తెల్లచీర కట్టుకుని వచ్చి కూర్చున్న అమ్మ నోట, ఓయెమ్మార్ రోడ్డులోని ఆఫీసులో రాత్రి షిఫ్టు ముగించుకుని నేరుగా వచ్చిన కుర్రాడి నోట, ఆ రెండున్నర గంటల్లో ఏ మాటలు వస్తున్నాయి?

ఒక ఆదివారాన్ని మనసులో నడిపించి చూడండి. ప్రారంభ ప్రార్థన ఒకరు చేస్తారు. తరువాత స్తుతి ఆరాధన. పాట తెర మీద ఉంటుంది, కానీ స్పీకర్ల చప్పుడులో పక్కవాడి గొంతు కాదు, మన గొంతే మనకు వినబడదు. తరువాత ఇద్దరు సాక్ష్యం చెబుతారు. ప్రకటనలు ఉంటాయి. కానుకలు పడతారు. గంటసేపు వాక్యం. కాపరి గారు ముగింపు ప్రార్థన చేసి ఆశీర్వాదం పలుకుతారు. ఇంతసేపట్లో సంఘం పలికింది ఏమిటి? ఆమేన్. హల్లెలూయ. స్తోత్రం. ఇంకొకటి కూడా ఉందండోయ్, మరిచిపోకూడదు. "మీ పక్కనున్నవారికి చెప్పండి, ఈ సంవత్సరం నీకు హెచ్చింపు సంవత్సరం అని చెప్పండి" అంటే, అందరం పక్కకు తిరిగి ఆ మాట చెప్పాం. మరి ఇది పలికించిన మాట కాదా? నడిపించేవారు ఒక మాట ఇచ్చారు, జనం దాన్ని పలికారు. ఇదీ ఒక క్రమమే. ఆ మాట ఎక్కడిది, ఎవరు కూర్చారు, అది పలికిన జనానికి దానివల్ల ఏ విశ్వాసం అలవాటవుతోంది అన్నదే మనం చూడవలసిన సంగతి. అపొస్తలుల విశ్వాస ప్రమాణం, అంటే మనం ఏం నమ్ముతున్నామో చెప్పే పాత ఒప్పుకోలు, పలికించడం ఆత్మను ఆర్పివేయడం అవుతుందట, హెచ్చింపు సంవత్సరం అని పలికించడం మాత్రం ఆత్మ నడిపింపు అట. ఎలా కుదురుతుంది?

మాకు క్రమం లేదు, మేం ఆత్మ నడిపినట్లు నడుస్తాం అనే సంఘాలలోనే నేను ఎక్కువ కాలం సేవ చేశాను. ఆ సంఘాలంటే నాకు ప్రేమ. కానీ ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. రేపు ఆదివారం వాక్యం ముందు పెట్టి, పాటలు తరువాత పెట్టండి. సంఘ పెద్దలు సోమవారం ఉదయం మీ ఇంటికి వస్తారా, రారా? వస్తారు. ఎందుకు వస్తారంటే, క్రమం తప్పింది కాబట్టి. రాయని క్రమం రాసిన క్రమం కంటే గట్టిది. రాసినదాన్ని కనీసం చేత్తో పట్టుకుని, ఇది బాగుంది, ఇది బాగోలేదు అని మాట్లాడుకోవచ్చు.

మనం అపొస్తలుల కాలం నాటిది అనుకునే ఈ క్రమం, అంటే మనసును సిద్ధం చేసే పాటలు, ఆ తరువాత ప్రసంగం, చివర ముందుకు రమ్మనే పిలుపు, చాలావరకు 19వ శతాబ్దపు అమెరికాది. అక్కడి సరిహద్దు ప్రాంతాల గుడార కూటాల్లో ఇది రూపం కట్టింది. 1792లో పుట్టి 1875లో చనిపోయిన చార్లెస్ ఫిన్నీ వంటి ఉజ్జీవ ప్రసంగీకులు దీన్ని పట్టణాల సంఘాల్లోకి తెచ్చారు. రక్షణ లేనివారిని ఒక నిర్ణయానికి తీసుకురావడానికి ఆ క్రమం పనికొచ్చింది. నేను దాన్ని తక్కువ చేయను, మీలో అలాంటి పిలుపుకే లేచి ముందుకు వెళ్లినవారు ఎందరో ఉన్నారు. కానీ రక్షణ పొంది ముప్పై ఏళ్లయినవారు ప్రతి ఆదివారం అదే క్రమంలో కూర్చుంటే, వారికి అందులో చేయవలసిన పని ఏముంది? వినడం, ఆమేన్ అనడం.

ఇక వెనక్కి వెళదాం. బితూనియ మీకు తెలుసు కదా? పౌలు వెళ్లాలని ప్రయత్నిస్తే యేసుయొక్క ఆత్మ వెళ్లనియ్యలేదని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో చదువుతాం. పౌలు వెళ్లకపోయినా సువార్త వెళ్లింది. సుమారు 112లో ఆ ప్రాంతానికి అధిపతిగా ఉన్న ప్లినీ అనే రోమీయుడు ట్రాజన్ చక్రవర్తికి ఒక ఉత్తరం రాశాడు. ఈ క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుని, క్రీస్తును దేవుడని ఎంచి ఆయనకు ఒకరితో ఒకరు మార్చి మార్చి కీర్తన పలుకుతారని అందులో ఉంది. రాసినవాడు మనవాడు కాదు, హింసించినవాడు. అయినా అతని కంటికి ఆనింది ఏమిటి? ఒకరు పలికితే ఇంకొకరు బదులు పలకడం. ప్రసంగీకుడి గురించి అతడు రాయలేదు.

దాని తరువాత సుమారు 155లో, రోములో ఉండిన హతసాక్షి జస్టిన్ గారు రోమా చక్రవర్తికి ఒక విన్నపం రాస్తూ, ఆదివారం మేం ఏం చేస్తామో వినండి అని వివరించాడు. పట్టణాల్లోనివారు, పల్లెల్లోనివారు ఒకచోట కూడుకుంటారు. అపొస్తలుల జ్ఞాపకాలు గానీ ప్రవక్తల రాతలు గానీ సమయం ఉన్నంతసేపు చదువుతారు. ఆ మాట గమనించండి, సమయం ఉన్నంతసేపు. మన దగ్గర సమయం ఉన్నంతసేపు జరిగేది ఏమిటో నేను చెప్పనక్కరలేదు. చదివేవాడు ఆపిన తరువాత, నడిపించేవాడు లేచి, విన్న ఆ మంచి సంగతులను అనుసరించండని హెచ్చరిస్తాడు. తరువాత అందరూ కలిసి నిలబడి ప్రార్థన చేస్తారు. రొట్టె, ద్రాక్షారసం, నీళ్లు తెస్తారు. నడిపించేవాడు తనకు ఉన్న శక్తికొలది ప్రార్థనలు, కృతజ్ఞతాస్తుతులు చెల్లిస్తే, జనులు ఆమేన్ అంటారు. రానివారికి పరిచారకులు ఆ రొట్టెను ఇంటికి తీసుకువెళతారు. ఇవ్వగలిగినవారు ఇచ్చినదాన్ని దిక్కులేని పిల్లలకు, విధవరాండ్రకు, రోగులకు, చెరసాలలో ఉన్నవారికి ఖర్చు పెడతారు. ఇంతే. ఇందులో పోప్ గారు లేరు, అంగీలు లేవు. కానీ వాక్య పఠనం ఉంది, సామూహిక ప్రార్థన ఉంది, బల్ల, అంటే ప్రభురాత్రి భోజనం, ఉంది, బీదల కోసం కానుక ఉంది, అన్నిటికీ జనుల ఆమేన్ ఉంది.

"తనకు ఉన్న శక్తికొలది" అన్న మాటను మన స్వేచ్ఛా ప్రార్థనల సహోదరులు పట్టుకోవచ్చు, పట్టుకోవాలి కూడా. పుస్తకం చూసి చదివాడని జస్టిన్ చెప్పడం లేదు. సుమారుగా మొదటి శతాబ్దం చివరనో రెండవ శతాబ్దం మొదటనో కూర్చిన దిదాకే అనే చిన్న పుస్తకంలో కూడా ఈ రెండూ పక్కపక్కనే కనబడతాయి. ప్రభువు నేర్పిన ప్రార్థనను రోజుకు మూడుసార్లు చేయండని ఉంది, బల్ల దగ్గర పలకవలసిన కృతజ్ఞత మాటలు రాసిపెట్టి ఉన్నాయి, ఆ వెంటనే ప్రవక్తలను మాత్రం వారు కోరినంతగా కృతజ్ఞత చెల్లించనివ్వండని ఉంది. మాటలు ఇచ్చారు, స్వేచ్ఛ కూడా ఇచ్చారు. ఈ రెండింటికీ మధ్య యుద్ధం తరువాతి కాలపువారు పెట్టింది.

ఇప్పుడు చెన్నైకి వద్దాం. ఈ అంశం మీద అమెరికాలో చాలామంది రాశారు. వీటన్ కళాశాలలో బోధించిన రాబర్ట్ వెబ్బర్ వంటివారు 1970ల నుంచి, సువార్తిక సంఘాలు ఆది సంఘపు ఆరాధనను తిరిగి నేర్చుకోవాలని చెబుతూ వచ్చారు. 1977లో షికాగో దగ్గర కొందరు సువార్తికులు కలిసి ఇదే విషయంగా ఒక పిలుపు కూడా ఇచ్చారు. మంచిదే. కానీ దీని కోసం మనం షికాగో దాకా వెళ్లనక్కరలేదు. మన కెథెడ్రల్ రోడ్డు చాలు. 1947 సెప్టెంబరు 27న అక్కడి సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, మనం సీయెస్సై అనేది, ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే ఒకటైన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవారు అందులో కలిశారు. ఆ ఐక్యత కోసం ఎంతో ప్రయాసపడిన మన తెలుగు నేల బిషప్పు, దోర్నకల్ అజరయ్య గారు, దాన్ని చూడకుండానే 1945లో ప్రభువు నందు నిద్రించారు.

ఐక్యమైన తరువాత వారికి ఒక చిక్కు వచ్చింది. పుస్తకంతో ఆరాధించేవారు, పుస్తకం లేకుండా ఆరాధించేవారు ఒకే బల్ల దగ్గర ఎలా కూర్చోవాలి? ఏ సంఘం మీదా ఒక ఆరాధన పద్ధతిని బలవంతంగా రుద్దకూడదని ముందే ఒప్పుకున్నారు. ఆ తరువాత 1950లో ప్రభురాత్రి భోజనానికి ఒక క్రమాన్ని సిద్ధపరిచారు. ప్రపంచంలోని ఎన్నో సంఘాలు తమ క్రమాలను దిద్దుకునేటప్పుడు దాన్ని దగ్గర పెట్టుకుని చూశాయి. నడిపించేవారు బల్ల వెనుక జనులవైపు ముఖం పెట్టి నిలబడటం అందులో ఉంది, రోమన్ కథోలికుల రెండవ వాటికన్ మహాసభకు ఇంకా పుష్కరకాలం ఉండగానే. ఆరాధన ఆరంభంలో బైబిలును తీసుకువచ్చి అందరి ఎదుట ఉంచడం ఉంది. ప్రభువు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటున్నాం, పునరుత్థానాన్ని ఒప్పుకుంటున్నాం, రెండవ రాకడ కోసం ఎదురుచూస్తున్నాం అని బల్ల ప్రార్థన మధ్యలో సంఘమంతా పలికే మాటలు ఉన్నాయి. అవి కేరళ సిరియా సంఘాల నుంచి తీసుకున్నవి. 1 కొరింథీయులకు 11:26లో పౌలు చెప్పినదాన్నే అక్కడ సంఘం తన నోట పలుకుతోంది.

వీటన్నిటిలో నాకు మరీ ఇష్టమైనది సమాధానం అందించుకోవడం. ఇది కూడా సిరియా సంఘాలదే. ఎలా చేస్తారో చూపిస్తాను, ముందు వరుసలోని అన్నయ్య గారు ఒకసారి లేవండి. నా కుడి అరచేతిని ఆయన కుడి అరచేతికి ఆనించాను. ఇప్పుడు నా ఎడమ చేతితో ఆయన కుడి చేతిని మూశాను, ఆయన తన ఎడమ చేతితో నా కుడి చేతిని మూశారు. నాలుగు చేతులు ఒక్కటిగా కలిశాయి. దేవుని సమాధానం మీకు కలుగును గాక. కూర్చోండి అన్నయ్య. బల్ల దగ్గర మొదలై, వరుస వెంట వరుసగా, చేతి నుంచి చేతికి వెళుతుంది ఇది. కరచాలనం చేసి, గుడ్ మార్నింగ్ చెప్పి, పిల్లల స్కూలు ఫీజుల సంగతి మాట్లాడుకోవడం కాదు. ఎవరి చెయ్యి ఎవరికి తగిలితే మైల అని వందల ఏళ్లు లెక్కలు వేసిన దేశంలో, ఉదయం చీపురు పట్టిన చెయ్యిని ఇంకొకరు రెండు చేతులతో పట్టుకుని దేవుని సమాధానం చెప్పడం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. కుల వివక్ష తప్పని నేను గంటసేపు ప్రసంగిస్తే మీరు ఆమేన్ అని ఇంటికి వెళతారు. ఇది చేస్తే, మీ చేతులు ఒప్పుకోవాలి లేదా వెనక్కి తగ్గాలి. వెనక్కి తగ్గితే అది మీకూ తెలుస్తుంది, అవతలివారికీ తెలుస్తుంది, దేవునికీ తెలుస్తుంది.

ఇదే ఊళ్లో ఇంకొక కథ కూడా ఉంది. 1941లో సువార్తికుడు భక్తసింగ్ గారు ఈ మద్రాసులోనే యెహోవా షమ్మా అనే సహవాసాన్ని ఆరంభించారు. హైదరాబాదులో హెబ్రోను ఆ తరువాతది. ఆ సహవాసాల్లో ప్రార్థన పుస్తకం లేదు. కానీ ప్రతి ఆదివారం రొట్టె విరుచుట ఉంది, సహోదరులు, సహోదరీలు కూర్చున్నచోటి నుంచే లేచి ఆరాధన చేసే సమయం ఉంది, ఆ తరువాత అందరూ కలిసి తినే ప్రేమవిందు ఉంది. కూడివచ్చినప్పుడు ఒకరు కీర్తన, ఒకరు బోధ తెస్తారని 1 కొరింథీయులకు 14:26లో పౌలు చెప్పినదానికి ఇది ఎంత దగ్గరో చూడండి. జెనీవాలో సంఘ సంస్కర్త కాల్విన్ గారు కనీసం వారానికి ఒకసారి బల్ల ఉండాలని కోరుకుంటే, పట్టణ పాలకులు ఏడాదికి నాలుగుసార్లకు మించి ఒప్పుకోలేదు. ఆయన అడిగి పొందలేనిది ఏ పుస్తకమూ లేని మన పల్లె సహవాసాల్లో జరుగుతోంది. కాబట్టి పూర్వకాలపు క్రమం అంటే పెద్ద మిషనుల సొత్తు అని అనుకోకండి. ఈ విషయంలో నెలకొక్కసారి, మొదటి ఆదివారం మాత్రమే బల్ల ఇచ్చే మనమే, అంటే బాప్తిస్టులు, లూథరన్లు, సీయెస్సైవారు, మన పెంతెకొస్తు సంఘాలు చాలా, వెనకబడి ఉన్నాం.

ఇప్పుడు పెద్ద అభ్యంతరానికి వస్తాను. మత్తయి 6:7. అన్యజనులవలె వ్యర్థమైన మాటలు వచింపవద్దని ప్రభువే చెప్పాడు కదా అంటారు. చెప్పాడు. ఆ తరువాత రెండవ వచనంలో ఏముంది? "పరలోకమందున్న మా తండ్రీ." వ్యర్థమైన మాటలు వద్దన్న నోటితోనే, ఆ ఊపిరిలోనే, ఈ మాటలు పలకండని ఇచ్చాడు. 136వ కీర్తనలో ఇరవై ఆరు వచనాలు, ఇరవై ఆరుసార్లు "ఆయన కృప నిరంతరముండును". పరిశుద్ధాత్మ రాయించిన కీర్తన అది. ద్వితీయోపదేశకాండము 27వ అధ్యాయంలో లేవీయులు పన్నెండు మాటలు పలికితే జనులు పన్నెండుసార్లు ఆమేన్ అనాలి. మళ్లీ మళ్లీ పలకడం వ్యర్థమైతే, మన పాటల పల్లవి సంగతి ఏమిటి? ఒక్క పల్లవి పదిహేనుసార్లు పాడించే తమ్ముడు నా ముందే కూర్చుని ఉన్నాడు, పేరు చెప్పను.

అయితే అభ్యంతరంలో నిజం ఉంది. దాన్ని దాటిపోను. పుస్తకం చదివి చదివి, పెదవులు కదులుతూ మనసు కదలని సంఘాలను మన పెద్దలు చూశారు. రాత్రి తాగి, ఉదయం ఒప్పుకోలు చదివి, మధ్యాహ్నం మళ్లీ తాగిన పెద్దమనుషులను చూశారు. నామకార్థ క్రైస్తవం అని వారు అన్నది ఊరికే అనలేదు. ఆ బాధతోనే వారు బయటికి వచ్చారు. నా జవాబు ఒక్కటే. మనసు లేని పెదవులు పుస్తకం ఉన్నచోటా ఉంటాయి, లేనిచోటా ఉంటాయి. పుస్తకం లేని సంఘంలో ఒకే సహోదరుడు ప్రతివారం చేసే ప్రార్థనను, తరువాతి మాట ఏమిటో మనం ముందే చెప్పగలిగేంతగా, మనమందరం విన్నవాళ్లమే. అప్పుడు అది కూడా రాసిన ప్రార్థనే అయింది, కాకపోతే రాసింది ఆయన ఒక్కరే.

ఇక్కడ మన చెన్నై తెలుగువాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. మన సంఘాల్లో మూడు తరాలు ఉన్నాయి. అమ్మమ్మకు తెలుగు వచ్చు, చదవడం రాదు. కొడుకుకు తెలుగు చదవడం వచ్చు. మనవరాలికి ఇంట్లో మాట్లాడే తెలుగు వచ్చు, బడిలో నేర్చుకుంది తమిళం, ఇంగ్లీషు. తెలుగు అక్షరం చూస్తే తడుముకుంటుంది. తెర మీద తెలుగు వేస్తే అమ్మమ్మా చదవలేదు, మనవరాలూ చదవలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో వేస్తే మనవరాలు మాత్రం పాడుతుంది. వీళ్లిద్దరూ ఒకే గొంతుతో పలకగలిగేది ఏమిటి? కంఠతా వచ్చినది. పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, ఇరవై మూడవ కీర్తన, త్రైయేక ఆశీర్వాదం. పుస్తకంలోని క్రమం చదువుకున్నవారిది అని కొందరు అంటారు. నేను చూసింది దానికి పూర్తిగా తలకిందులు. ప్రతి వారం కొత్త పాట, కొత్త తెర, కొత్త మాట అయితేనే చదువురానివారు వెనకబడతారు. ప్రతి వారం అదే మాట అయితే, నెల తిరిగేసరికి అమ్మమ్మ చూడకుండా పలుకుతుంది. మతిమరుపు వచ్చి కన్నకొడుకును గుర్తుపట్టలేని పెద్దవాళ్లు కూడా మంచం మీద పరలోక ప్రార్థన మొదలుపెట్టగానే అందుకోవడం ఇక్కడున్న కాపరులు చాలామంది చూసి ఉంటారు. మనం వాళ్లకు ఏం కంఠతా ఇస్తున్నాం? మన తరం మంచాన పడినప్పుడు కాపరి వచ్చి ఏ మాట మొదలుపెడితే మనం అందుకుంటాం?

వాక్య పఠనం గురించి. మనం బైబిలు సంఘాలం అని చెప్పుకుంటాం. ఆదివారం ప్రసంగానికి ముందు చదివేది ఎన్ని వచనాలు? రెండు, మహా అయితే అయిదు. ఏ వచనాలు? కాపరికి ఇష్టమైనవి. "చదువుటయందును హెచ్చరించుటయందును బోధించుటయందును జాగ్రత్తగా ఉండుము" అని పౌలు తిమోతికి రాసినప్పుడు చదువుటనే ముందు పెట్టాడు. 1549లో ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకాన్ని సిద్ధపరిచినప్పుడు ఇంగ్లండు ఆర్చిబిషప్పు క్రాన్మర్ గారి పెద్ద ఫిర్యాదు ఏమిటంటే, యెషయా మొదలుపెడతారు, ఆదికాండము మొదలుపెడతారు, ఏదీ పూర్తిగా చదవరు అని. అందుకే ఏడాది పొడవునా బైబిలు వరుసగా చదివే పట్టిక ఇచ్చాడు. 1645లో వెస్ట్‌మినిస్టర్ ప్యూరిటన్లు ప్రార్థన పుస్తకాన్ని తీసేశారు, అయినా ఆరాధనలో పాత నిబంధన నుంచి ఒక అధ్యాయం, కొత్త నిబంధన నుంచి ఒక అధ్యాయం చదవడం మంచిదని రాశారు. పుస్తకం కావాలన్నవారూ వద్దన్నవారూ ఒప్పుకున్న సంగతి ఇది. ఇప్పుడు ప్రపంచంలో చాలా సంఘాలు వాడే 1992 నాటి పాఠాల పట్టిక మూడేళ్లలో తిరుగుతుంది. ఒక ఏడాది మత్తయి, ఒక ఏడాది మార్కు, ఒక ఏడాది లూకా, మధ్యలో యోహాను. ప్రతి ఆదివారం పాత నిబంధన, కీర్తన, పత్రిక, సువార్త. దీనివల్ల కాపరికి నచ్చని వాక్యం కూడా ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడుతుంది. ధనవంతుడు, లాజరు కథ ఆ పట్టికలో తప్పించుకోలేం. ఎంచుకోనిస్తే, మనలో ఎందరం ఎంచుకుంటాం?

ఒప్పుకోలు గురించి కూడా ఒక మాట. ఉపవాస ప్రార్థనల్లో మనం కన్నీళ్లతో పాపాలు ఒప్పుకుంటాం, మంచిదే, కానీ ఆదివారం ఆరాధనలో దానికి చోటు లేదు. నేరుగా స్తుతిలోకి దూకుతాం. కీర్తన 51 కలిసి చదివి, ఒక నిమిషం మౌనంగా ఉండి, ఆ తరువాత, మన పాపాలు ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడనే 1 యోహాను 1:9 పలికితే చాలు, అది సంపూర్ణమైన ఒప్పుకోలు, క్షమాపణ. మౌనం అనగానే కీబోర్డు తమ్ముడు మెల్లగా ఒక శ్రుతి పట్టుకుంటాడు. వద్దు తమ్ముడూ, చెయ్యి తీసెయ్. ఆ నిమిషం సంగీతం అక్కరలేదు.

విజ్ఞాపన కూడా అంతే. 1 తిమోతి 2వ అధ్యాయం రాజుల కొరకును అధికారులందరి కొరకును ప్రార్థించమంటే, మనం మన సంఘ కుటుంబాల పెళ్లిళ్లు, వీసాలు, ఆపరేషన్ల దగ్గరే ఆగిపోతాం. 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు ఎండిపోయి ఊరంతా నీళ్ల ట్యాంకర్ల వెంట పరుగెత్తింది. కండలేరు నుంచి పూండికి వచ్చే కృష్ణా నీళ్ల కోసమైనా తెలుగు సంఘాలు ప్రార్థించాలి కదా. అలాంటి ప్రార్థనకు ఆదివారం ఆరాధనలో ఒక స్థిరమైన చోటు ఉంటే, కరువు వచ్చినప్పుడు కరువు కోసం, 2015లాగా వరద వచ్చినప్పుడు వరద కోసం, ఒకరు విన్నపం చెబితే సంఘం బదులు పలుకుతుంది. చోటు లేకపోతే, కాపరికి గుర్తుంటే ఉంటుంది.

సంఘ క్యాలెండరు గురించి నేను ఎక్కువ చెప్పను, ఎందుకంటే దీని మీద మీరు అనుకునేంత భేదం లేదు. గలతీయులకు 4:10 చూపించి దినాలు, కాలాలు మాకు వద్దంటారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధన మానేస్తారా? మానరు. శ్రమ దినాల్లో నలభై రోజుల కూటాలు పెడతారు, గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటల ధ్యానం పెడతారు. ఆ మూడు గంటల ధ్యానం 17వ శతాబ్దం చివర పెరూ దేశపు లిమా పట్టణంలో కథోలిక జెస్యూట్ గురువుల దగ్గర మొదలైందని తెలిస్తే, కథోలిక వాసన అని కొవ్వొత్తిని కూడా రానివ్వని మన పాస్టరు గార్లు ఏమంటారో! మానేయమని నేను అనను. సిలువ మీద ప్రభువు పలికిన మాటలను వినడానికి అంత మంచి పద్ధతి ఇంకొకటి నాకు తెలియదు. మనకు లేనిది ఆగమన కాలం. డిసెంబరు ఒకటో తేదీ నుంచే సెమీ క్రిస్మస్‌లు మొదలు, వారానికి నాలుగు కేకులు. ప్రభువు రాకడ కోసం ఎదురుచూసే నాలుగు ఆదివారాలు, యెషయా చదివి, రెండవ రాకడ పాటలు పాడే నాలుగు ఆదివారాలు ఎక్కడికి పోయాయి? రెండవ రాకడను అంత గట్టిగా ప్రకటించే మనకు ఆ కాలం మరీ దగ్గరది కావాలి.

మరి ఏం చేయాలి అంటారా. ఒక్కసారే అన్నీ తేవద్దు. కాపరికి నచ్చి, సంఘానికి చెప్పకుండా మొదలుపెడితే అది సంఘం నోటికి మాటలు ఇవ్వడం అవ్వదు, మళ్లీ కాపరి మాటే అవుతుంది. మొదట సంఘ పెద్దలతో మాట్లాడండి. తరువాత వాక్య పఠనంతో మొదలుపెట్టండి, దానికి ఎవరూ అడ్డు చెప్పలేరు. చదివేవారిని ముందే ఎంచుకుని, శనివారం ఇంట్లో గట్టిగా చదివించండి. స్త్రీలను, యువతను, వీధులు ఊడ్చే మన అన్నలను కూడా పిలవండి, కాపరి భార్యకూ పాటల జట్టుకూ మాత్రమే అప్పగించకండి. అది స్థిరపడ్డాక కీర్తనను బదులు పఠనంగా, అంటే ఒక వచనం నడిపించేవారు, తరువాతిది సంఘం చదివేలా చేయండి. ఆ తరువాతే ఒప్పుకోలు. విశ్వాస ప్రమాణం బాప్తిస్మం ఆరాధనల్లో మొదలుపెడితే బాగుంటుంది, ఎందుకంటే బాప్తిస్మం పొందేవాడు ఏం నమ్ముతున్నాడో అందరి ముందు చెప్పవలసిన చోటు అదే. పాత గ్రాంథికపు మాటలు ఉంచాలా, నేటి తెలుగులోకి మార్చాలా అని అడుగుతారు. పరలోక ప్రార్థనను ముట్టుకోకండి, అది అమ్మమ్మకు వచ్చినట్లే ఉండాలి. విజ్ఞాపనలు మాత్రం ఇవాళ్టి తెలుగులో రాసుకోండి, ట్యాంకర్లకు గ్రాంథికం కుదరదు.

సాక్ష్యాలు తీసేయకండి. స్వేచ్ఛగా చేసే ప్రార్థనను తీసేయకండి. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలను కొత్త పాటల కోసం పక్కన పెట్టినవారు మాత్రం దయచేసి మళ్లీ తీయండి. నూట యాభై ఏళ్ల క్రితం తెలుగు సంఘానికి మాటలు ఇచ్చినవారిలో ఆయన ముఖ్యుడు. బల్ల ఎంత తరచుగా ఉండాలి, ఎవరు ఇవ్వాలి, సమాధానం అందించుకోవడం బల్లకు ముందా తరువాతా అనే వాటి మీద ఇక్కడున్న సంఘాల మధ్య భేదాలు ఉన్నాయి. ఇంకా అరగంట సమయం ఉంది. వెనుక వరుసలో చేతులు అప్పుడే లేచాయి. ముందుగా ఆ అక్కయ్య గారికి మైకు ఇవ్వండి.